చిన్న వ్యాపారం అంటే ఎంత చిన్నది? సర్కారు సాయానికి గీత ఎక్కడ, ఎలా గీస్తున్నారు

సంక్షిప్తంగా

చిన్న, మధ్యతరహా వ్యాపారం అనే మాటకు అన్ని దేశాలకూ చెల్లే అర్థం లేదు. ఉద్యోగుల సంఖ్య, టర్నోవర్, ఆస్తులు, మూలధనం అనే నాలుగు కొలతల్లో ఏది ఎంచుకున్నా దాని లోపం దానికి ఉంది. పరిమితిగా పెట్టిన అంకె కంటే మూడు విషయాలు ఎక్కువ ప్రభావం చూపుతున్నాయి. కొలతలను ఎలా కలిపారు? సంస్థ వెనక ఉన్న యజమానులను లెక్కలోకి తీసుకున్నారా? గీత దాటాక సాయం ఎలా ఆగుతుంది? ఈ మూడో ప్రశ్నకు సరైన జవాబు లేకపోతే, ఎదగడానికి ఇచ్చిన సాయమే ఎదుగుదలకు అడ్డుపడుతుంది.

ఒకే సంస్థ, దేశానికో పేరు

120 మంది పనిచేసే ఒక తయారీ సంస్థను తీసుకుందాం. యూరోపియన్ యూనియన్‌లో, ఆదాయ లెక్కలు కూడా పరిమితిలోనే ఉంటే, అది మధ్యతరహా సంస్థ. అమెరికాలో అది చిన్న సంస్థే. అక్కడ తయారీ రంగంలో ఉద్యోగుల పరిమితి 500 దగ్గర మొదలై, కొన్ని పరిశ్రమల్లో 1,500 వరకు వెళ్తుంది. జపాన్‌లో తయారీకి పరిమితి 300 మంది కాబట్టి అక్కడా చిన్న, మధ్యతరహా జాబితాలోకి వస్తుంది. అదే 120 మందితో రిటైల్ దుకాణాలు నడిపితే మాత్రం, మూలధనం 5 కోట్ల యెన్లు దాటితే ఆ జాబితాలో చోటుండదు. చైనా 2011లో ఖరారు చేసిన ప్రమాణాల ప్రకారం పారిశ్రామిక సంస్థలకు పరిమితి 1,000 మంది లేదా 40 కోట్ల యువాన్ల ఆదాయం. భారత్‌లో ఆ సంస్థకు ఎంతమంది ఉద్యోగులున్నారన్నది అసలు ప్రశ్నే కాదు. యంత్రాల మీద పెట్టిన పెట్టుబడి, ఏడాది టర్నోవర్ ఈ రెండే చూస్తారు.

వీటిలో ఏది తప్పు, ఏది ఒప్పు అని తేల్చడం కుదరదు. ఒక్కో దేశం ఒక్కో అవసరం కోసం గీసుకున్న గీతలివి. కానీ ఈ తేడాలను పక్కన పెట్టి దేశాలను పోల్చడం తరచూ జరుగుతుంది. ప్రపంచంలోని వ్యాపారాల్లో దాదాపు 90 శాతం, ఉద్యోగాల్లో సగానికి పైగా చిన్న, మధ్యతరహా సంస్థలవేనని ప్రపంచ బ్యాంకు చెప్పే మాట అందరూ వాడుకునేదే. స్థూలంగా అది నిజమే. అయితే ఒక దేశంలో 250 మందిని, ఇంకో దేశంలో 1,000 మందిని హద్దుగా పెట్టుకుని తీసిన శాతాలను పక్కపక్కన పెడితే వచ్చే పోలికకు పెద్దగా విలువ ఉండదు.

అసలు విడిగా ఎందుకు చూడాలి

నిర్వచనం గురించి మాట్లాడేముందు, సాయం ఎందుకో తేల్చుకోవాలి. చిన్న సంస్థకు ఎదురయ్యే ఇబ్బందులు ప్రధానంగా మూడు, వాటి స్వభావాలు వేరు.

మొదటిది స్థిర వ్యయం. పన్ను రిటర్ను దాఖలు చేయడానికి, కార్మిక చట్టాల రికార్డులు రాయడానికి, టెండరు పత్రాలు సిద్ధం చేయడానికి అయ్యే ఖర్చు సంస్థ సైజును బట్టి పెద్దగా మారదు. 10 మంది సంస్థ అయినా 1,000 మంది సంస్థ అయినా ఒక అకౌంటెంట్ కావాలి. ఆ జీతం చిన్న సంస్థ మీద ఎన్నో రెట్లు బరువుగా పడుతుంది. రెండోది అప్పు. చూపించడానికి ఏళ్ల తరబడి ఆడిట్ అయిన లెక్కలు, తాకట్టు పెట్టడానికి ఆస్తులు లేని సంస్థ బాగా నడుస్తున్నా, ఆ సంగతి బ్యాంకుకు తెలిసే దారి తక్కువ. మూడోది బేరమాడే శక్తి. ఒకే పెద్ద కంపెనీకి సరుకు ఇచ్చే చిన్న సంస్థ, బిల్లు ఆరు నెలలు ఆలస్యమైనా గట్టిగా అడగలేదు.

బ్రిటన్‌లో 1971లో నివేదిక ఇచ్చిన బోల్టన్ కమిటీ ఈ ఇబ్బందుల దగ్గరే మొదలుపెట్టింది. చిన్న సంస్థ అంటే మార్కెట్‌లో కొద్దిపాటి వాటా ఉన్నది, యజమానే స్వయంగా నడిపేది, పెద్ద సంస్థకు అనుబంధం కానిది అని అర్థం చెప్పింది. ఈ మూడూ సంస్థ స్వభావాన్ని పట్టిచ్చే లక్షణాలు. లెక్కలకు ఇవి సరిపోవు కనుక రంగానికో కొలత కూడా పెట్టింది. తయారీకి 200 మంది లేదా అంతకంటే తక్కువ, నిర్మాణానికి 25 మంది, రోడ్డు రవాణాకు 5 వాహనాలు, రిటైల్‌కు టర్నోవర్. రవాణాలో మనుషులను లెక్కపెట్టకుండా వాహనాలను లెక్కపెట్టడం చాలా తెలివైన ఆలోచన. ఆ వ్యాపారం ఎంత పెద్దదో చెప్పేది వాహనాల సంఖ్యే. తర్వాత వచ్చిన నిర్వచనాల్లో చాలావరకు సులువుగా ఉండాలన్న ఉద్దేశంతో ఈ సూక్ష్మతను వదిలేశాయి.

నాలుగు కొలతలు, నాలుగు లోపాలు

అన్నిటికంటే సులువుగా కనిపించేది ఉద్యోగుల సంఖ్య. ద్రవ్యోల్బణం దాన్ని కరిగించదు, కరెన్సీ మారకం రేట్లతో పనిలేదు. అయితే ఉద్యోగి అంటే ఎవరన్న దగ్గర చిక్కు మొదలవుతుంది. సగం రోజు పనిచేసేవారు, సీజన్‌లో మూడు నెలలు వచ్చేవారు, కాంట్రాక్టరు పంపిన కార్మికులు ఎలా లెక్కకు రావాలి? యూరోపియన్ యూనియన్ దీనికి ‘వార్షిక పని యూనిట్’ అనే కొలత వాడుతుంది. ఏడాదంతా పూర్తికాలం పనిచేసిన వ్యక్తి ఒక యూనిట్, మిగతావారు తలా కొంత భాగం. పనిచేసే యజమానులు లెక్కలోకి వస్తారు, అప్రెంటిస్‌లు, ప్రసూతి సెలవులో ఉన్నవారు రారు. ఇంత జాగ్రత్త తీసుకున్నా ఇంకో లోపం మిగులుతుంది. 40 మందితో కోట్లలో లాభం చూసే సాఫ్ట్‌వేర్ కంపెనీ, 40 మందితో జీతాలకే తడుముకునే కుట్టుమిషన్ల యూనిట్ ఒకే గాటన పడతాయి. పైగా సాయం నిలవాలంటే మనుషులను తీసుకోకపోవడమే మేలనే సంకేతం వెళ్తుంది.

టర్నోవర్ పన్ను రికార్డుల్లో దొరుకుతుంది, దాచడం కష్టం. కానీ అది వ్యాపార స్వభావాన్ని పట్టించుకోదు. హోల్‌సేల్ వ్యాపారి ఒకటి రెండు శాతం మార్జిన్‌తో భారీ మొత్తాలు తిప్పుతాడు, చేతిలో మిగిలేది మాత్రం కొంచెమే. కన్సల్టెన్సీ సంస్థ టర్నోవర్‌లో చాలా భాగం దాని సొంత విలువే. ముడిసరుకు ధర పెరిగినా టర్నోవర్ పెరిగినట్టే కనిపిస్తుంది, సంస్థ మాత్రం అంగుళం ఎదగదు. ఒక్క పెద్ద ఆర్డరు వచ్చిన ఏడాది గీత దాటేసి, మరుసటి ఏడాది వెనక్కి వచ్చే సంస్థలూ ఉంటాయి. అందుకే అమెరికాలో టర్నోవర్‌ను సగటున చూస్తారు. ఆ సగటును మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచుతూ 2018లో చట్టం చేశారు. ఎదుగుతున్న సంస్థకు పాత చిన్న ఏళ్ల లెక్కలు సగటును కిందికి లాగుతాయి కాబట్టి ఇంకొంత కాలం దొరుకుతుంది. వ్యాపారం తగ్గుతున్న సంస్థకు ఇదే సగటు ఎదురు తిరుగుతుంది.

యంత్రాల మీద పెట్టుబడి అనే కొలత ఎక్కువ కాలం వాడిన దేశం భారత్. 1950ల్లో చిన్న పరిశ్రమ అంటే 5 లక్షల రూపాయల లోపు స్థిర మూలధనం, కరెంటు వాడితే 50 మంది, వాడకపోతే 100 మంది లోపు కార్మికులు. కొన్నేళ్లకే కార్మికుల షరతు తీసేశారు. 2006 చట్టం తయారీకీ సేవలకూ వేర్వేరు పెట్టుబడి పరిమితులు పెట్టింది. తయారీలో సూక్ష్మ సంస్థకు 25 లక్షలు, చిన్నదానికి 5 కోట్లు, మధ్యతరహాకు 10 కోట్లు. మంచి యంత్రం కొంటే హోదా పోతుందన్న భయం దీనిలో ఉన్న ప్రధాన లోపం. ఉత్పాదకత పెంచే ఖర్చునే గీతగా పెట్టినట్టయింది. కాలుష్య నియంత్రణ, పరిశోధన, కార్మికుల భద్రతకు కొన్న పరికరాలను లెక్కలోంచి మినహాయించడం ఆ లోపానికి కొంత మందు వేయడమే. మిగతా యంత్రాల విషయంలో ఇబ్బంది అలాగే ఉండిపోయింది.

ఇక కాగితం మీద రాసి ఉండే మూలధనం. మార్చడానికి ఇంత సులువైన కొలత మరొకటి లేదు. జపాన్ పన్ను చట్టంలో 10 కోట్ల యెన్ల మూలధనం దాటని సంస్థకు తక్కువ పన్ను రేటు, కొన్ని స్థానిక పన్నుల నుంచి మినహాయింపు ఉన్నాయి. 2015లో ఎలక్ట్రానిక్స్ దిగ్గజం షార్ప్ నష్టాల్లో కూరుకుపోయి, 12 వేల కోట్ల యెన్లకు పైగా ఉన్న తన మూలధనాన్ని సరిగ్గా 10 కోట్లకు తగ్గించుకుంటానంది. దేశమంతా విమర్శలు రావడంతో 50 కోట్ల దగ్గర ఆగింది. కరోనా కాలంలో 2021లో ప్రయాణాల సంస్థ జేటీబీ నిజంగానే 10 కోట్లకు దిగింది. ఈ దారిని కొంతవరకు మూయడానికి, మూలధనంతో పాటు దానికి సంబంధించిన మిగులు నిధులను కూడా కలిపి చూసే నిబంధనను జపాన్ 2025 ఏప్రిల్ నుంచి అమల్లోకి తెచ్చింది.

‘లేదా’కూ ‘రెండూ’కూ మధ్య తేడా

ఏ కొలతా ఒంటరిగా పనికిరాదని తెలిశాక అన్ని దేశాలూ రెండు మూడు కలిపి వాడుతున్నాయి. పరిమితుల పట్టికలు చూసేవారు ఎక్కువగా పట్టించుకోని విషయం, ఆ కొలతల మధ్య ఏ షరతు పెట్టారన్నది.

యూరోపియన్ యూనియన్‌లో ఉద్యోగుల పరిమితి తప్పనిసరి. ఆర్థిక పరిమితుల్లో ఒకటి సరిపోతే చాలు. మధ్యతరహా సంస్థకు 250 మంది లోపు ఉండాలి, దాంతోపాటు టర్నోవర్ 5 కోట్ల యూరోలు మించకూడదు లేదా బ్యాలెన్స్ షీట్, అంటే మొత్తం ఆస్తుల లెక్క, 4.3 కోట్ల యూరోలు మించకూడదు. చిన్న సంస్థకు 50 మంది లోపు, ఏదో ఒకటి 1 కోటి యూరోల లోపు. సూక్ష్మ సంస్థకు 10 మంది లోపు, 20 లక్షల యూరోల లోపు. టర్నోవర్ ఎక్కువుండే వర్తక సంస్థ బ్యాలెన్స్ షీట్ దారిలో లోపలికి వస్తుంది, ఆస్తులు ఎక్కువుండే తయారీ సంస్థ టర్నోవర్ దారిలో వస్తుంది. రంగానికో పట్టిక రాయకుండానే రంగాల తేడాను సర్దే పద్ధతి ఇది.

జపాన్‌లో మూలధనం, ఉద్యోగుల్లో ఏ ఒక్కటి పరిమితిలో ఉన్నా చాలు. అందుకే అక్కడ వల చాలా పెద్దది. భారత్ 2020 జులై 1 నుంచి తయారీ, సేవల తేడా తీసేసి పెట్టుబడి, టర్నోవర్ రెండూ పరిమితిలో ఉండాలని మార్చింది. ఒక్కటి దాటినా పై తరగతికి వెళ్లాల్సిందే. వల బిగుతుగా ఉంటుంది కాబట్టి అంకెలు పెద్దవిగా పెట్టాల్సి వచ్చింది. ప్రపంచ బ్యాంకు గ్రూపులోని ఐఎఫ్‌సీ ఉద్యోగులు, ఆస్తులు, అమ్మకాలు అనే మూడింటిలో రెండు సరిపోవాలంటుంది. మధ్యతరహాకు ఆ హద్దులు 300 మంది, 1.5 కోట్ల డాలర్లు, 1.5 కోట్ల డాలర్లు. ఒక కొలతలో వచ్చే వింత ఫలితాన్ని మిగతా రెండూ సరిచేస్తాయన్నది దీని వెనకున్న ఆలోచన.

అమెరికా దారి పూర్తిగా వేరు. అక్కడ పరిశ్రమల వర్గీకరణలో ప్రతి కోడ్‌కూ విడిగా పరిమితి ఉంటుంది. తయారీ లాంటివాటికి ఉద్యోగుల సంఖ్య, సేవలు, రిటైల్ లాంటివాటికి ఎక్కువగా సగటు ఆదాయం. ఆ ఆదాయ పరిమితులు రంగాన్ని బట్టి 22.5 లక్షల డాలర్ల నుంచి 4.7 కోట్ల డాలర్ల వరకు ఉన్నాయి. రంగాల తేడాను ఇంత శ్రద్ధగా పట్టించుకునే పద్ధతి మరొకటి లేదు. దీనివల్ల వచ్చే సమస్య కూడా చిన్నది కాదు. రెండు మూడు పనులు చేసే సంస్థ ఏ కోడ్ కింద వస్తుందన్న దాని మీదే టెండరు దక్కడం, దక్కకపోవడం ఆధారపడుతుంది. వివాదాలు అక్కడే పుడతాయి.

వెనకున్నది ఎవరు

నిర్వచనంలో నిజంగా కష్టమైన భాగం ఇది. పెద్ద కంపెనీ తన పనిని 20 ముక్కలు చేసి 20 చిన్న కంపెనీలు రిజిస్టర్ చేయిస్తే, కాగితం మీద ప్రతిదీ చిన్న సంస్థే. స్వతంత్రత పరీక్ష లేని నిర్వచనం అలాంటి కంపెనీలకు తలుపు తెరిచి పెడుతుంది.

యూరోపియన్ యూనియన్ 2003లో చేసి, 2005 జనవరి 1 నుంచి అమలు చేస్తున్న సిఫార్సులో సంస్థలను మూడు రకాలుగా విడదీశారు. 25 శాతం కంటే తక్కువ వాటా సంబంధాలుంటే స్వతంత్ర సంస్థ. 25 నుంచి 50 శాతం మధ్య ఉంటే భాగస్వామ్య సంస్థ. అంతకు మించి నియంత్రణ ఉంటే అనుసంధాన సంస్థ. లెక్క ఎలా మారుతుందో చూద్దాం. ఒక సంస్థలో 40 మంది ఉన్నారు. 300 మంది ఉన్న మరో సంస్థకు ఇందులో 30 శాతం వాటా ఉంది. అప్పుడు 300లో 30 శాతం, అంటే 90 మందిని కలపాలి. మొత్తం 130. చిన్నది అనుకున్నది మధ్యతరహా అయింది. అదే వాటా 60 శాతమైతే 300 మందీ కలుస్తారు. మొత్తం 340 అవుతుంది, ఇక అది ఏ తరగతిలోకీ రాదు. ఆ 40 మంది చేసే పనిలో మాత్రం ఏ మార్పూ ఉండదు.

ఈ కచ్చితత్వానికి మినహాయింపులూ అవసరమయ్యాయి. ఎదిగే సంస్థల్లో వెంచర్ క్యాపిటల్ నిధులు, విశ్వవిద్యాలయాలు వాటాలు తీసుకుంటాయి. 25 శాతం నిబంధనను వాటికీ వర్తింపజేస్తే బయటి పెట్టుబడి తెచ్చుకున్న సంస్థనే శిక్షించినట్టవుతుంది. అందుకే అలాంటి పెట్టుబడిదారులకు 50 శాతం వరకు వెసులుబాటు ఇచ్చారు. ప్రభుత్వ సంస్థలకు 25 శాతం, అంతకంటే ఎక్కువ నియంత్రణ ఉంటే మాత్రం, కొన్ని మినహాయింపులు తప్ప, ఆ సంస్థ ఎంత చిన్నదైనా బయటే.

అమెరికాలో 1953 నాటి చట్టం ఇంకో షరతు చేర్చింది. చిన్న సంస్థ తన రంగంలో ఆధిపత్యం ఉన్నది కాకూడదు. మాట సబబుగానే ఉంది. కానీ ఈ షరతునే ప్రధానంగా పట్టుకుంటే ఎక్కడికి వెళ్తామో 1966లో తేలింది. వేలాది మంది ఉద్యోగులున్న కార్ల కంపెనీ అమెరికన్ మోటార్స్‌ను ప్రభుత్వ కాంట్రాక్టుల కోసం చిన్న సంస్థగా గుర్తించారు. జనరల్ మోటార్స్, ఫోర్డ్, క్రైస్లర్‌ల పక్కన అది చిన్నదే మరి.

2020లో ఇదే దేశంలో స్వతంత్రత పరీక్షను కొందరికి సడలిస్తే ఏమవుతుందో కనిపించింది. కరోనా సమయంలో ఉద్యోగుల జీతాల కోసం ఇచ్చిన రుణాల పథకంలో హోటళ్లు, రెస్టారెంట్లకు 500 మంది పరిమితిని సంస్థ మొత్తానికి కాకుండా ఒక్కో ప్రదేశానికి లెక్కపెట్టారు. ఉద్దేశం అర్థం చేసుకోదగ్గదే. ఉపాధి ఎక్కువగా పోయింది ఆ రంగంలోనే. అయితే మొదటి విడత 34,900 కోట్ల డాలర్లు రెండు వారాలు తిరగకముందే అయిపోయాయి. బ్యాంకుతో పాత సంబంధం, దరఖాస్తు రాసే సిబ్బంది ఉన్న గొలుసు రెస్టారెంట్లు క్యూలో ముందున్నాయి. విమర్శల తర్వాత షేక్ షాక్ లాంటి కంపెనీలు డబ్బు తిరిగి ఇచ్చాయి. ఒక్క షేక్ షాకే కోటి డాలర్లు వెనక్కి పంపింది. నిధులు పరిమితంగా ఉన్నప్పుడు, వెడల్పైన నిర్వచనం లోపల ఉన్నవారిలో బలమైనవారికే మేలు చేస్తుందని చెప్పడానికి దీనికంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

గీత దగ్గర గుమిగూడే సంస్థలు

గీతకు అటూ ఇటూ ప్రయోజనం ఒక్కసారిగా మారితే, దాని పక్కనే సంస్థలు ఆగిపోతాయి. ఫ్రాన్స్ దీనికి బాగా అధ్యయనం జరిగిన ఉదాహరణ. అక్కడ 50వ ఉద్యోగిని తీసుకోగానే కార్మిక ప్రతినిధుల కమిటీ, లాభాల్లో వాటా లాంటి బాధ్యతలు మీద పడేవి. సంస్థలను ఉద్యోగుల సంఖ్య వారీగా గ్రాఫ్ గీస్తే 49 దగ్గర గుట్టలా పోగుపడి, 50 దగ్గర ఒక్కసారిగా కిందికి పడిపోయేది. గరికానో, లెలార్జ్, వాన్ రీనెన్ 2016లో ప్రచురించిన పరిశోధన ఈ గుట్ట వెనకున్న నష్టాన్ని లెక్కకట్టింది. ఎదగగలిగిన ఉత్పాదక సంస్థలు ఆగిపోవడంతో ఆ కార్మికులు అంతకంటే తక్కువ సమర్థత ఉన్న చోట్ల పనిచేయాల్సి వస్తుంది. నష్టం ఒక్క సంస్థది కాదు, మొత్తం ఆర్థిక వ్యవస్థది. 2019లో ఫ్రాన్స్ చట్టం మార్చి, వరసగా ఐదేళ్లు పరిమితి దాటి ఉంటేనే చాలా బాధ్యతలు వర్తించేలా చేసింది.

భారత్‌లో గీత ఇంకా లోతుగా కోసింది. కొన్ని వస్తువులను చిన్న పరిశ్రమలే తయారు చేయాలని 1967లో 47 వస్తువులతో మొదలైన రిజర్వేషన్ జాబితా తర్వాతి కాలంలో 800 దాటింది. ఆ వస్తువు తయారు చేసే సంస్థ బాగా నడిచి పెద్దదైతే, ఆ వ్యాపారంలో కొత్తగా విస్తరించడానికే అర్హత పోతుంది. 1990ల చివరి నుంచి జాబితాను కత్తిరిస్తూ వచ్చి 2015లో చివరి 20 వస్తువులనూ తీసేశారు. రిజర్వేషన్ ఎత్తేసిన ప్రభావం ఎక్కువగా పడిన జిల్లాల్లో ఉపాధి తగ్గలేదు, ఎక్కువ పెరిగిందని తర్వాతి పరిశోధనల్లో తేలింది. చిన్నవాటిని కాపాడితే ఉద్యోగాలు కాపాడినట్టేనన్న దశాబ్దాల నమ్మకానికి ఇది గట్టి ఎదురు సాక్ష్యం.

గీతను మెట్టులా కాకుండా వాలులా మార్చే ప్రయత్నాలు ఇప్పుడు చాలాచోట్ల ఉన్నాయి. యూరోపియన్ యూనియన్‌లో వరసగా రెండు ఆర్థిక సంవత్సరాలు పరిమితి దాటితేనే హోదా మారుతుంది. భారత్‌లో పై తరగతికి వెళ్లిన సంస్థకు పన్నేతర ప్రయోజనాలు మూడేళ్లు కొనసాగుతాయని 2022లో ప్రకటించారు. దక్షిణ కొరియాలో ఈ గడువు మూడేళ్లుండేది, 2024లో ఐదేళ్లు చేశారు. అయితే గడువు ఇవ్వడం అంటే మెట్టును కొంచెం ముందుకు జరపడమే, దాన్ని తీసేయడం కాదు. నిజమైన వాలు అంటే సంస్థ పెరిగేకొద్దీ సాయం కొంచెం కొంచెంగా తగ్గాలి. వడ్డీ రాయితీ, రుణ హామీ శాతం లాంటి విషయాల్లో ఇది సాధ్యమే. టెండర్లలో కోటా లాంటివి ఉంటే ఉంటాయి, లేకపోతే లేవు. అక్కడ వాలు కుదరదు.

పరిమితులు పెంచితే లాభం ఎవరికి

రూపాయిల్లోనో యూరోల్లోనో రాసిన పరిమితిని ద్రవ్యోల్బణం ఏటా కొంచెం కిందికి దించుతుంది. ప్రభుత్వం ఏమీ చేయకుండానే కొన్ని సంస్థలు బయటపడతాయి. యూరోపియన్ యూనియన్ ఆర్థిక పరిమితులు 2003 సిఫార్సులో రాసినవే ఇప్పటికీ ఉన్నాయి. భారత్ మాత్రం 2020లో ఒకసారి, 2025 ఏప్రిల్ 1 నుంచి మరోసారి పెద్ద ఎత్తున పెంచింది. సూక్ష్మ సంస్థకు పెట్టుబడి 1 కోటి నుంచి 2.5 కోట్లకు, టర్నోవర్ 5 కోట్ల నుంచి 10 కోట్లకు. చిన్న సంస్థకు 25 కోట్లు, 100 కోట్లు. మధ్యతరహాకు 125 కోట్లు, 500 కోట్లు. టర్నోవర్‌లో ఎగుమతులు కలపరు, కాబట్టి ఎగుమతిదారులకు నిజమైన హద్దు ఇంకా పైన ఉంటుంది.

పరిమితి పెంచినప్పుడల్లా ఎదిగే సంస్థలకు ఊపిరి అందుతుందని చెబుతారు. అది నిజం. కానీ చెప్పకుండా వదిలేసే విషయం ఇంకోటి ఉంది. కోటా పరిమాణం మారకుండా అర్హుల సంఖ్య పెరిగితే, లోపల పోటీ పెరుగుతుంది. భారత్‌లో కేంద్ర ప్రభుత్వ శాఖలు, సంస్థలు తమ కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి తీసుకోవాలి. అమెరికాలో ఫెడరల్ కాంట్రాక్టుల విలువలో 23 శాతం చిన్న సంస్థలకు ఇవ్వాలన్నది లక్ష్యం. 90 కోట్ల టర్నోవర్ ఉన్న సంస్థ, 9 కోట్ల టర్నోవర్ ఉన్న సంస్థ ఒకే టెండరులో పోటీ పడితే ఎవరికి దక్కుతుందో ఊహించడం కష్టం కాదు. లక్ష్యం చేరినట్టు నివేదికలో కనిపిస్తుంది, ఆ లక్ష్యం ఎవరి కోసం పెట్టారో వారికి వాటా తగ్గుతుంది. కాబట్టి పరిమితి పెంచే ప్రతి నిర్ణయంతో పాటు లోపల తరగతుల వారీగా విడి కోటాలు ఉన్నాయా అని చూడాలి.

చిన్నదా, కొత్తదా

చిన్న సంస్థలకు సాయం చేయాలన్న వాదనలో ఎక్కువగా వినిపించేది ఉద్యోగాల గురించి. కొత్త ఉద్యోగాల్లో ఎక్కువ భాగం చిన్న సంస్థల నుంచే వస్తున్నాయని అమెరికాలో పరిశోధకుడు డేవిడ్ బర్చ్ 1979లో చెప్పినప్పటి నుంచి ఇది అన్ని దేశాల విధానాల్లోకీ ఎక్కింది. హాల్టివాంగర్, జార్మిన్, మిరాండా అనే ఆర్థికవేత్తలు 2013లో అమెరికా డేటాను సంస్థ వయసు వారీగా విడదీసి చూశారు. వయసును లెక్కలోకి తీసుకున్నాక పరిమాణానికీ ఉద్యోగ వృద్ధికీ మధ్య క్రమమైన సంబంధం కనిపించలేదు. ఉద్యోగాలు వచ్చేది కొత్త సంస్థల నుంచి. కొత్తవి మామూలుగా చిన్నవిగా ఉంటాయి కాబట్టి ఆ పేరు చిన్నవాటికి వచ్చింది.

ఇది నిర్వచనం మీద నేరుగా పడే ఫలితం. లక్ష్యం ఉద్యోగాలే అయితే, 30 ఏళ్లుగా 15 మందితోనే నడుస్తున్న సంస్థకూ రెండేళ్ల క్రితం పుట్టి 15 మందికి చేరిన సంస్థకూ ఒకే సాయం ఇవ్వడంలో అర్థం లేదు. దాదాపు ఏ దేశం నిర్వచనంలోనూ వయసు అనే గడి ఉండదు. స్టార్టప్ పథకాలకు మాత్రం విడిగా ఉంటుంది. మరోవైపు ఆలస్యపు చెల్లింపుల నుంచి రక్షణ లాంటివాటికి వయసుతో పనిలేదు. 30 ఏళ్ల సంస్థకైనా బిల్లు డబ్బులు సమయానికి రావాల్సిందే.

ఒకే దేశంలో ఎన్ని నిర్వచనాలు ఉండవచ్చు

ఇక్కడ ఆస్ట్రేలియా అనుభవం పనికొస్తుంది. అక్కడ పన్ను రాయితీల్లో చాలావాటికి చిన్న వ్యాపారం అంటే 1 కోటి ఆస్ట్రేలియన్ డాలర్ల లోపు టర్నోవర్. ఉద్యోగుల తొలగింపు నిబంధనలకు 15 మంది లోపు. గణాంకాల శాఖకు 20 మంది లోపు. వ్యాపారులకు ఇది గందరగోళంగా ఉంటుందన్న ఫిర్యాదు ఎప్పుడూ ఉంది, అది న్యాయమైనదే. కానీ ఒక్కో గీత వెనకా ఒక కారణం ఉంది. తొలగింపు నిబంధనలు పాటించడానికి మానవ వనరుల విభాగం ఉందా లేదా అన్నది ముఖ్యం, దాన్ని ఉద్యోగుల సంఖ్యే చెబుతుంది. పన్ను సరళీకరణకు లావాదేవీల పరిమాణం ముఖ్యం, దాన్ని టర్నోవర్ చెబుతుంది.

మొత్తానికి ఒకే నిర్వచనం ఉంటే నమోదు సులువు, గణాంకాలు కుదురుతాయి, అధికారి విచక్షణ తగ్గుతుంది. పథకానికో నిర్వచనం ఉంటే సాయం గురి తప్పదు, కానీ ప్రతి దరఖాస్తుకూ కొత్త లెక్కలు చూపించాలి. ఈ శ్రమ మళ్లీ చిన్న సంస్థ మీదే పడుతుంది. రెండింటి మధ్య ఆచరణలో నిలిచే దారి, నమోదుకు ఒకే సాధారణ నిర్వచనం ఉంచి, దాని లోపల ప్రతి పథకమూ ఏ తరగతికి వర్తిస్తుందో విడిగా చెప్పడం. భారత్‌లో ఆలస్యపు చెల్లింపుల రక్షణ అలాంటిదే. నమోదు మూడు తరగతులకూ ఉన్నా, 45 రోజుల్లో డబ్బు చెల్లించాలన్న నిబంధన సూక్ష్మ, చిన్న సంస్థలకు మాత్రమే వర్తిస్తుంది. ఒకవేళ ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చొప్పున చక్రవడ్డీ పడుతుంది.

ఏ నిర్వచనమైనా ముందు సంస్థ రికార్డుల్లో ఉండాలి. పన్ను రిటర్నుల నుంచి పెట్టుబడి, టర్నోవర్ అంకెలను నేరుగా తీసుకునే విధానంలో కాగితాల బాధ బాగా తగ్గింది. పన్ను వ్యవస్థ బయట ఉన్న అతి చిన్న వ్యాపారాలకు మాత్రం అదే మొదటి అడ్డంకి. అందరికంటే చిన్నవారు లెక్కకే రాకపోతే పరిమితి అంకె ఎంతన్న చర్చ వారిని తాకదు.

పైవైపు గీత కూడా ఇప్పుడు కదులుతోంది. 250 మంది దాటగానే యూరప్‌లో సంస్థ ఒక్కసారిగా పెద్ద కంపెనీల బాధ్యతలన్నీ మోయాల్సి వస్తోందన్న వాదనతో, యూరోపియన్ కమిషన్ 2025 మేలో ‘చిన్న మధ్యశ్రేణి సంస్థలు’ అనే కొత్త తరగతిని నిర్వచించింది. 750 మంది లోపు ఉద్యోగులు, టర్నోవర్ 15 కోట్ల యూరోల వరకు లేదా ఆస్తులు 12.9 కోట్ల యూరోల వరకు. చిన్న సంస్థలకు ఇస్తున్న కొన్ని సడలింపులను వీటికీ విస్తరించాలన్నది ఆలోచన. 250 దగ్గర ఉన్న మెట్టు ఎత్తు దీనితో తగ్గుతుంది. 750 దగ్గర కొత్త మెట్టు ఎంత ఎత్తులో ఉంటుందన్నది, ఏయే సడలింపులు అక్కడివరకు వెళ్తాయి, అవి ఒక్కసారిగా ఆగుతాయా మెల్లగా తగ్గుతాయా అన్న వివరాలను బట్టి ఉంటుంది.